తలసరి శిక్షణ

వేములగుంట బస్టాండులో ఒక పెద్ద గడియారం ఉంది. అది ఎప్పుడో నాలుగుంబావు దగ్గర ఆగిపోయింది. దాన్ని ఎవరూ బాగుచేయించలేదు, ఆ అవసరం ఎవరికీ కలగలేదు. ఎంక్వయిరీ గదిలో మైకు ముందు కూర్చుని మాలకొండయ్య "ఒంగోలు బస్సు రెండో నంబరు దగ్గర సిద్ధంగా ఉంది" అనగానే ఎదురు వరసలో టైలరు మిషను వదిలి టిఫినుకు లేస్తాడు. "కొండపాలెం బస్సు" అని వినపడితే పక్క బడిలో పంతులమ్మ లెక్కలు ఆపి తెలుగు మొదలుపెడుతుంది. బస్టాండు వెనక సందులోనే మాలకొండయ్య ఇల్లు. భార్య సుబ్బరత్నం ఉన్న రోజుల్లో, పన్నెండుంబావు రావిపాడు బస్సు పిలుపు విని ఎసట్లో బియ్యం పోసేది. ఆయన ఇల్లు చేరేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉండేది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు పొద్దున్నే వండుకున్నది క్యారేజీలో తెచ్చుకుంటున్నాడు. అయినా రావిపాడు బస్సు పేరు పలికేటప్పుడు గొంతు కాస్త హెచ్చుతుంది. ఇరవై ఆరేళ్ళ అలవాటు మరి.

ఆయన ప్రకటనల్లో ఇంకో విశేషం కూడా ఉంది. మంగళ, శుక్రవారాల్లో పదకొండూ ఇరవై బస్సుకు మాత్రం ఒక మాట అదనంగా చేరుస్తాడు. "రావులచెరువు బస్సు మూడో నంబరు దగ్గర ఉంది. మెట్టు ఎత్తుగా ఉంటుంది, చూసుకుని ఎక్కండి." ఆ మాట ఏసమ్మ కోసం. రావులచెరువు నుంచి చీపుళ్ళు తెచ్చి సంతలో అమ్ముకుని పోయే ముసలామె. కళ్ళకు వెలుతురు తెలుస్తుంది గాని మనిషీ బస్సూ తెలియవు. మాలకొండయ్య గొంతు పట్టుకుని నడిచివచ్చి, మెట్టు దగ్గర కాలెత్తి, ఎక్కి పోతుంది. ఆ అదనపు మాట ఎందుకో ఆమెకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఇంతలో సమగ్ర ప్రజా రవాణా మండలికి నైపుణ్యం మీద ప్రేమ పుట్టింది.

సర్క్యులరు వచ్చింది. "ప్రయాణికులతో సంభాషణ నైపుణ్యాల వికాసార్థం, స్వల్ప వ్యయంతో అనల్ప ప్రయోజనం సాధించు సదుద్దేశంతో, ఉద్యోగులకు ప్రత్యక్ష ఆన్‌లైన్ శిక్షణ నిర్వహింపబడును" అని మొదలైంది. నలభై రోజులు, రోజూ పది నుంచి పన్నెండు దాకా. నాలుగో అంశం ప్రకారం కెమెరా ముందు నుంచి ముఖం తిప్పరాదు. తిప్పితే యంత్రమే కనిపెట్టి మార్కులు తగ్గిస్తుంది. ఐదో అంశం ప్రకారం శిక్షణ వేళ ఎవరితోనూ మాట్లాడరాదు. ఏడో అంశం మాలకొండయ్య రెండుసార్లు చదివాడు. ప్రకటనకర్త స్థానం ఇకపై ఆయా బస్టాండులో అత్యధిక మార్కులు వచ్చిన శిక్షణార్థికే దక్కుతుంది. ఇప్పుడున్నవారు ఓడిపోతే అరవై మైళ్ళ అవతల టైర్ల షెడ్డుకు వెళ్ళాలి.

క్యాంటీను మస్తాన్ టీ గ్లాసు పెడుతూ కాగితం మీదికి వంగాడు.

"ఏందన్నా, జనంతో మాట్టాడేది నేర్పిస్తా, జనంతో మాట్టాడొద్దంటన్నారా?"

"నేర్చుకునేదాకా మాట్లాడొద్దంటున్నారు."

"నలభై రోజులు నోరు మూసుకుంటే వచ్చేదయితే మా బావమరిదికి ఈపాటికి రావాలి. పెళ్ళయినకాడ్నించీ మూసుకునే ఉండాడు."

మాలకొండయ్య నవ్వాడు గాని టీ సగంలోనే పెట్టేశాడు. టైర్లతో మాట్లాడాల్సిన పని ఉండదు. అదే ఆయన బెంగ.

మొదటిరోజు ఆఫీసు కంప్యూటర్ల ముందు పదకొండుమంది, ఎంక్వయిరీ గదిలో కంప్యూటరు ముందు మాలకొండయ్య, మొత్తం పన్నెండుమంది కూర్చున్నారు. పాఠం చెప్పే అమ్మాయి పేరు లాస్య. ఎక్కడో పెద్ద ఊళ్ళో చిన్న గదిలో కూర్చుని చెబుతోంది. వెనక కిటికీకి ఆరేసిన తువ్వాలు కనిపిస్తోంది. మంచి గొంతు.

"ప్రయాణికుడు మన దగ్గరికి వచ్చినప్పుడు చేస్తున్న పని పక్కన పెట్టాలండీ. ఆయన కళ్ళలోకి చూడాలి. చిరునవ్వుతో సమాధానం చెప్పాలి."

అప్పుడే ఒక ప్రయాణికుడు కిటికీ దగ్గరికి వచ్చాడు. "సారూ, కొండపాలెం బస్సు యాడాగిద్ది?"

మాలకొండయ్య తల తిప్పబోయాడు. తెర చుట్టూ ఎర్ర గీత మెరిసింది. గబుక్కున కళ్ళు తెర మీదికి తెచ్చి, చిరునవ్వు మాత్రం అట్లాగే ఉంచి, చెయ్యి పక్కకు చాపి మూడు వేళ్ళు చూపించాడు.

"మూడు గంటలకా? వామ్మో!" అని ఆ మనిషి సంచీ తీసుకుని బయటికి పోయాడు. మూడో నంబరు దగ్గర ఉన్న కొండపాలెం బస్సు మరో రెండు నిమిషాల్లో కదిలిపోయింది. చిరునవ్వుకు మాత్రం యంత్రం రెండు మార్కులు వేసింది.

ఆ రోజు మంగళవారం. పాఠం ముగిసి మాలకొండయ్య బయటికి వచ్చేసరికి ఏసమ్మ మూడో నంబరు దగ్గర స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. పదకొండూ ఇరవై బస్సు ఆమె ముందునుంచే వెళ్ళిపోయింది.

"ఏసమ్మా, బస్సెక్కలేదేం?"

ఆ గొంతు వినగానే ఆమె ముఖం విప్పారింది. "ఉండావా సారూ! నీకు బాగలేదేమో, గొంతు పోయిందేమోనని కూకున్నా. బస్సుదేముంది, నాలుగింటికి ఇంకోటి ఉందిగా."

"నాకేం కాలేదమ్మా. ట్రైనింగు. జనంతో ఎట్లా మాట్లాడాలో నేర్పుతున్నారు."

ఏసమ్మ ముఖం ఆయన గొంతు వైపు తిప్పింది. "అయితే ఇన్నాళ్ళూ నువ్వు మాట్టాడింది తప్పా?"

మాలకొండయ్య జేబులోంచి సర్క్యులరు తీసి మళ్ళీ మొదటినుంచి చదివాడు.

ఆరోరోజు జోనల్ శిక్షణాధికారి చక్రధరరావు జీపు దిగాడు. చెడ్డవాడు కాదు. ఎవరినీ కసిరి ఎరుగడు. అయితే ఏ విషయమైనా ఒక పట్టికలో ఇమిడితేగాని ఆయనకు అర్థం కాదు, ఇమిడితే ఇక దాన్ని వదలడు. చేతిలో కాగితం విప్పి సిబ్బందిని సమావేశపరిచాడు.

"ఈ శిక్షణ యావత్తుకు మండలి లక్షా ఇరవై వేలు చెల్లించడమైనది. ఒకరు విన్నా అంతే, ఊరంతా విన్నా అంతే. అదే ఆన్‌లైన్ విధానంలోని మహత్తు. మీరు పన్నెండుమంది. అనగా తలసరి పదివేలు! పక్క బస్టాండువారు నలభైమందిని కూర్చోబెట్టి తలసరి మూడువేలకు దించినారు. నేను జోనల్ సమావేశంలో తల ఎత్తుకోలేకపోయాను. తక్షణమే తలలు పెంచవలసి ఉన్నది."

తలలు పెరిగాయి. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు కలిసి నూట అరవై అయ్యారు. తలసరి ఏడువందల యాభై. చక్రధరరావు ముఖంలో కళ వచ్చింది. రెండు రోజుల్లో పక్క బస్టాండువారు ఆటో స్టాండును కూడా చేర్చుకుని ఆరువందలకు దిగారు. కళ పోయింది. ఈయన క్యాంటీనును, సైకిల్ స్టాండును, తూకం మిషను అతన్ని చేర్చాడు. మస్తాన్ టీ కాస్తూ రెండుగంటలు సంభాషణ నైపుణ్యం విన్నాడు. విని, "సారూ, చక్కెర తక్కువైందన్న గిరాకీని కళ్ళలోకి చూస్తే చక్కెర సరిపోయిద్దా?" అని అడిగాడు. సందేహాలు చివర్లో అడగాలన్నారు.

ఒక ఉదయం చక్రధరరావు ప్లాట్‌ఫారం మీద నిలబడి అటూ ఇటూ చూశాడు. మూటలు, సంచులు, పిల్లలు, పెద్దలు. వందలకొద్దీ తలలు. ఏ పట్టికలోనూ లేని తలలు.

"మాలకొండయ్యగారూ, మన సేవలు పొందు ప్రయాణికుడు మన సంస్థలో భాగస్వామి కాడా?"

"ప్రయాణికుడేనండీ."

"భాగస్వామియే! అతనికి సంభాషణ నేర్పితే సగం భారం మనకు తగ్గును. అడుగువాడు సక్రమముగా అడిగిన చెప్పువానికి శ్రమ ఏమి?"

మర్నాటికల్లా మూడో నంబరు ఎదురుగా ఇనుప స్తంభం మీద కెమెరా వచ్చింది. దానికి కనిపించిన ముఖానికల్లా ఒక నంబరు ఇచ్చి, హాజరు వేసి, శ్రద్ధ కొలుస్తుంది. లాస్య గొంతు బస్టాండు స్పీకర్లలోంచి వినపడే ఏర్పాటు జరిగింది. ఆ స్పీకర్లు ఇప్పటిదాకా మాలకొండయ్య వాడినవే. ఆయన కళ్ళు తెర మీద పెట్టుకుని తన స్పీకర్లలో ఇంకొకరి గొంతు వింటూ కూర్చున్నాడు.

"అందరూ కళ్ళు మూసుకుని గాలి లోతుగా పీల్చండి" అంది లాస్య. మరుగుదొడ్ల పక్కనున్న ఐదో నంబరువాళ్ళు ఒప్పుకోలేదు.

"ఇప్పుడు మీ పక్కనున్న వ్యక్తి ప్రయాణికుడు అనుకోండి."

"అనుకునేదేముందమ్మా, నేను ప్రయాణికుణ్ణే. బస్సేదీ?" అన్నాడు ఒక రైతు స్పీకరు వైపు చూసి.

డ్రైవర్లకు పావుగంట హాజరు పడగానే బస్సు తీసుకుపోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. కాబట్టి బస్సులు వేళకే వెళ్ళాయి. ఏ బస్సు ఎక్కడుందో చెప్పే గొంతు లేదు కాబట్టి జనం మాత్రం మిగిలిపోయారు. ఒక బస్సు తప్పినవాళ్ళు రెండో బస్సు కోసం ఉండి ఇంకో గంట పాఠం విన్నారు. కొత్తవాళ్ళు వచ్చి చేరారు. రోజూ సాయంత్రం చక్రధరరావు అంకెలు కూడుకుని కాగితాన్ని ప్రేమగా మడుచుకునేవాడు.

"అయ్యా, జనానికి బస్సులు తప్పిపోతున్నాయి" అన్నాడు మాలకొండయ్య ఒకరోజు.

"తప్పిపోవుట కాదండీ, హాజరగుట! ఒక్కొక్క బస్సు తప్పినకొద్దీ తలసరి వ్యయం రూపాయిన్నర తగ్గుచున్నది. ఇదే వరుసన పోయిన ముప్పై రూపాయలకు దిగుదుము."

శుక్రవారం వచ్చింది. ఏసమ్మ చీపుళ్ళు కట్టి తెచ్చిన తాడు చుట్టుకుని భుజాన వేసుకుని స్తంభం దగ్గర నిలబడింది. పదకొండూ పద్దెనిమిది. తెర వెనక అద్దంలోంచి మాలకొండయ్యకు ఆమె తల ఒక్కటే కనిపిస్తోంది. చెవి స్పీకరు వైపు పెట్టి, మెడ చాచి ఉంది. పదిగజాల దూరంలో రావులచెరువు బస్సు ఇంజను మొదలైంది. స్పీకర్లలో లాస్య చెబుతోంది.

"వినడం ఒక కళ అండీ. ఎదుటివారు నోరు తెరవకముందే వాళ్ళకు ఏం కావాలో తెలుసుకోవాలి."

ఆ మాట నిజమేననిపించింది మాలకొండయ్యకు. పక్కకు తిరిగి మైకు మీట నొక్కాడు.

"ప్రయాణికులకు మనవి. రావులచెరువు బస్సు మూడో నంబరు దగ్గర ఉంది. మెట్టు ఎత్తుగా ఉంటుంది, చూసుకుని ఎక్కండి."

బస్టాండు మొత్తం ఒక్కసారి తలెత్తింది. ఎదురు వరసలో టైలరు మిషను ఆపి చెవి ఒగ్గాడు. ఏసమ్మ నడిచింది, మెట్టు దగ్గర కాలెత్తింది, ఎక్కింది. తెర అంతా ఎర్రగా అయిపోయింది.

చక్రధరరావు పరుగెత్తుకు వచ్చాడు. "మీరు సంభాషించినారు!"

"బస్సెక్కేవాళ్ళకు బస్సు సంగతి చెప్పానండీ."

"అదియే సంభాషణ. ఐదో అంశం. ఐదు మార్కులు పోయినవి."

"పోనీయండి. ఇంకో ఏడు నిమిషాల్లో ఒంగోలు బస్సు ఉంది. దానికి ఇప్పుడే ఐదు తీసేయండి, మళ్ళీ మీకు పరుగెందుకు."

ఆ తర్వాత రోజూ ఆ రెండుగంటల్లో ఏడు బస్సులకూ ఏడుసార్లు పిలిచాడు. జనం మళ్ళీ వేళకు బస్సులెక్కి పోయారు. తలలు ఇంకాస్త నెమ్మదిగా పెరిగాయి. మాలకొండయ్య మార్కులు మాత్రం వారం తిరిగేసరికి సున్నా దాటి కిందికి పోయాయి. అంత లోతుకు దిగినవారు మండలిలోనే లేరని తెలిసింది. మైకు ఎట్లాగూ పోతుంది, పోయేలోగా పిలవగలిగినన్ని బస్సులు పిలుద్దామన్నది ఆయన లెక్క.

ఒకరోజు పాఠం మధ్యలో లాస్యే ఆగి అడిగింది. "సార్, మీరు చాలా బాగా పిలుస్తారండీ. ఒక్క సందేహం. ఆ ఒక్క బస్సుకే మెట్టు సంగతి ఎందుకు చెప్తారు?"

ఎవరూ అడగని ప్రశ్న. మాలకొండయ్య ఏసమ్మ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆ అమ్మాయి తల వంచి పుస్తకంలో ఏదో రాసుకుంది. "నా పాఠాల్లో ఇది లేదండీ" అంది.

మరుసటి మంగళవారం సరిగ్గా పదకొండూ పద్దెనిమిదికి స్పీకర్లలో "ఒక్క రెండు నిమిషాలు, మంచినీళ్ళు తాగి వస్తానండీ" అని వినపడింది. పాఠం నడిచినన్నాళ్ళూ ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం ఆ అమ్మాయికి అదే వేళకు దాహం వేసింది. మార్కులు పోవడం యంత్రం పని, దాన్ని ఆపడం ఆమె చేతిలో లేదు. ఖాళీ మాత్రం ఇచ్చింది. మాలకొండయ్యకు అది చాలు.

నలభై రోజులు అయిపోయాయి. నాలుగువేల పైచిలుకు తలలు. తలసరి ముప్పై రూపాయలు. కేంద్ర కార్యాలయం నుంచి చక్రధరరావుకు ప్రశంసాపత్రం వచ్చింది. దాంతో పాటే ఫలితాల జాబితా వచ్చింది. అది పట్టుకుని ఆయన ఎంక్వయిరీ గదికి వచ్చాడు.

"ప్రథమ స్థానం ప్లాట్‌ఫారం కెమెరా శిక్షణార్థి సంఖ్య పదిహేడు. నూటికి నూరు! కెమెరా పెట్టిన నాటినుండి ఒక్కసారియైనను తల తిప్పలేదు. ఒక్క మాట మాట్లాడలేదు. కనురెప్ప వేసిన దాఖలా కూడ లేదు. ఆద్యంతం చిరునవ్వు. ఎవరండీ ఆ మహానుభావులు? పేరు తెలియదని ఉన్నది, స్థానం మాత్రం మూడవ నంబరు స్తంభం అని ఉన్నది."

మాలకొండయ్యకూ తెలియదు. మస్తాన్‌కు తెలిసింది. "రండి సార్, చూపిస్తా" అని ముందు నడిచాడు.

మూడో నంబరు స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. కనకమల్లి కేశతైలం. దాని మీద నడుం దాకా జుట్టు వదులుకున్న ఒక యువతి, తెల్లగా నవ్వుతూ, సూటిగా కెమెరా వైపే చూస్తోంది.

చక్రధరరావు చాలాసేపు ఆమెను చూస్తూ నిలబడ్డాడు. ఆమె కూడా ఆయన్ను చూస్తూనే ఉంది.

"పలకరించండి సార్," అన్నాడు మస్తాన్. "ఇన్ని రోజులు నేర్చుకుందిగా, మాట్టాడుద్దేమో."

"హాస్యమాడవద్దు." చక్రధరరావు రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు. "దీనిని రద్దు చేసిన, ఆ తల ఎట్లు వచ్చినదని అడుగుదురు. ఒక్క తల తీసిన మిగతా నాలుగువేల తలలు తిరిగి లెక్కింపుమందురు. ముప్పై రూపాయలు ఎక్కడికి పోవునో! ప్రశంసాపత్రం ఫ్రేము కట్టించితిని కూడ."

"అయితే?" అన్నాడు మాలకొండయ్య.

"ఏడో అంశం అమలగును." చక్రధరరావు ఫ్లెక్సీ మీద మొదటి మాట చూసి జాబితాలో పేరు నింపాడు.

వారంలో ఉత్తర్వు వచ్చింది. "కుమారి కనకమల్లి గారిని వేములగుంట బస్టాండు ప్రకటనకర్తగా నియమించడమైనది. ప్రస్తుత ప్రకటనకర్త శ్రీ మాలకొండయ్య, కనకమల్లి గారు విధులలో చేరిన మీదట, వారికి బాధ్యతలు అప్పగించి టైర్ల షెడ్డుకు వెళ్ళవలెను."

మాలకొండయ్య తన సామాను సర్దుకున్నాడు. పెద్దగా ఏమీ లేదు. క్యారేజీ, మంచినీళ్ళ సీసా, కుర్చీలోకి సుబ్బరత్నం కుట్టిచ్చిన దిండు. అన్నీ సంచీలో పెట్టుకుని మైకు మీద దుమ్ము తుడిచి, తాళంచెవి చేత పట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. పన్నెండు దాటింది. రావిపాడు బస్సు వచ్చి నాలుగో నంబరు దగ్గర ఆగింది. ఆయన కిటికీలోంచి మస్తాన్‌ను పిలిచాడు.

"తాళం ఎవరికియ్యాలి?"

మస్తాన్ ఉత్తర్వు తీసుకుని వేలు పెట్టి ఒక్కో మాటే చదివాడు. "చేరిన మీదట, అని ఉందన్నా. ఆయమ్మ చేరిందా?"

"లేదు."

"మరి నువ్వు యాడికి పోతావు?"

మాలకొండయ్య కాగితం మళ్ళీ చూశాడు. 'చేరిన మీదట' అన్న మాట కింద సన్నగా ఒక పెన్ను గీత ఉంది. అది పొరపాటున పడిందో, చక్రధరరావే గీశాడో ఇప్పటికీ తెలియదు. అడిగితే ఆయన "నిబంధనలకు లోబడియే గీతలు పడును" అన్నాడు, అంతే.

దిండు మళ్ళీ కుర్చీలోకి వచ్చింది. "ప్రయాణికులకు మనవి. రావిపాడు బస్సు నాలుగో నంబరు దగ్గర ఉంది." గొంతు ఎప్పటికన్నా కొంచెం ఎక్కువే హెచ్చింది.

పదిహేను రోజుల్లో విధుల్లో చేరాలని కనకమల్లికి నోటీసు వచ్చింది. అటెండరు తీసుకుపోయి స్తంభానికి, ఆమె గడ్డం కింద అంటించాడు. చేరలేదు. రెండో నోటీసు వచ్చింది. ఈసారి కారణం రాతపూర్వకంగా తెలపమన్నారు. తెలపలేదు. మౌనంగా ఉన్నా నవ్వుతూనే ఉంది కాబట్టి అవిధేయత కింద రాదని చక్రధరరావు పైకి రాశాడు.

ఆ ఫ్లెక్సీ చిరిగినా ఎగిరిపోయినా స్థానం ఖాళీ అయినట్టే, అప్పుడు కొత్త మనిషిని వేస్తారు. ఆ సంగతి బస్టాండులో అందరికీ తెలుసు. అందుకని వాన మొదలయ్యేలోపే మస్తాన్ క్యాంటీను మీది పట్టా సగం కోసి ఆమె పైన పందిరి వేశాడు. మెకానిక్కులు నాలుగు మూలలా కొత్త ఇనుప తీగ బిగించారు. కేశతైలం కంపెనీ కుర్రాడు పాత ఫ్లెక్సీ విప్పి కొత్తది కట్టడానికి వస్తే, "ఆవిడ మా ఉద్యోగి, ముట్టుకోబాక" అని డ్రైవర్లు అడ్డం నిలబడ్డారు. మాలకొండయ్య రోజూ పొద్దున డ్యూటీ ఎక్కేముందు తడిగుడ్డతో ఆమె ముఖం మీది దుమ్ము తుడుస్తాడు. పై అధికారి కదా.

నిన్న శుక్రవారం ఏసమ్మ చీపుళ్ళన్నీ అమ్ముకుని వచ్చింది. తాడు భుజాన వేసుకుని, ఎంక్వయిరీ కిటికీ దగ్గర ఒక్క నిమిషం ఆగింది.

"సారూ, నీ చోట్లోకి ఎవరో వస్తారన్నారే. వచ్చిందా ఆయమ్మ?"

"ఇంకా రాలేదమ్మా."

"మంచిపిల్లేనా?"

"చాలా మంచిది. ఒక్క మాట అనదు."

ఏసమ్మ తృప్తిగా తల ఊపింది. స్పీకర్లలో రావులచెరువు బస్సు పిలుపు వచ్చింది, మెట్టు సంగతి వచ్చింది. ఆమె ఆ గొంతు వెంట నడిచి, స్తంభం పక్కనుంచి పోయి, కాలెత్తి మెట్టెక్కి, తలుపు కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"తొందరేం లేదు, నిదానంగా రమ్మను సారూ!"